అటక మీది తాళపత్రాలు: ఫొటో తీసే ముందు చేయాల్సిన పని

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కోనసీమలో తాతగారి ఇల్లు అమ్మేస్తున్నారు. అటక దింపితే ఎర్రగుడ్డలో చుట్టిన రెండు తాళపత్రాల కట్టలు, ట్రంకుపెట్టె నిండా పాత పుస్తకాలు, భారతి సాహిత్య మాసపత్రిక సంచికలు కొన్ని, తాతగారి చేతిరాత నోటుబుక్కులు దొరికాయి. ఏ స్కానర్ కొనాలి, స్కాన్ చేసి పీడీఎఫ్‌లు పెట్టుకుంటే సరిపోతుందా, ఆ తర్వాత కట్టలను ఏం చేయాలి అని అడిగారు. ఒక కట్ట అమెరికా తీసుకెళ్తానని అన్నయ్యగారు అంటున్నారు. మేనత్తగారేమో పుష్కరాలకు గోదారిలో కలిపేద్దామంటున్నారు.

ఇరవై రెండేళ్లుగా నాకు ఇదే పని. ఊళ్ళలో ఇళ్ళ నుంచి, గుళ్ళ నుంచి, మూతపడిన గ్రంథాలయాల నుంచి వచ్చే తాళపత్రాలనూ పాత పుస్తకాలనూ ఫొటోలు తీయడం, వాటికి పట్టికలు రాయడం, భద్రపరచడం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ముందు ఒక్క మాట: ఈ జవాబు పూర్తిగా చదివేదాకా దయచేసి కట్టలు విప్పకండి.

మా పనిలో నేను చేసిన మొదటి తప్పు అదే. మొదటి ఏడాది ఒక ఇంట్లో కట్ట చేతికివ్వగానే ఆత్రంగా విప్పాను. దారం ఎప్పుడో చివికిపోయింది, పట్టుకోగానే తెగింది. 140 ఆకులు నేల మీద పడ్డాయి. ఆకుల సంఖ్యలు మామూలుగా ఎడమ అంచున ఉంటాయి, ఆ అంచులు సగం ఆకులకు విరిగిపోయి ఉన్నాయి. ఒక పండితుడి పక్కన కూర్చుని, పద్యం ఎక్కడ ఆగి ఎక్కడ అందుకుంటుందో చూసుకుంటూ వరస పెట్టడానికి నాలుగు వారాలు పట్టింది. అయినా పదకొండు ఆకుల చోటు ఇప్పటికీ తేలలేదు. విప్పకముందు కట్టను నాలుగు పక్కల నుంచీ ఫొటో తీసి ఉంటే, పక్క అంచుల మీది మసి మరకలను, పురుగు తొలిచిన దారిని బట్టి వాటిని కూడా సర్దగలిగేవాళ్ళం. పురుగు ఒక ఆకులోంచి పక్క ఆకులోకి నేరుగా తొలుచుకుంటూ పోతుంది కదా, ఆ చిల్లుల వరసే ఆకుల వరస.

కాబట్టి స్కానర్ కన్నా ముందు ఒక నోటుబుక్కు, పెన్సిలు కొనండి. మంచం మీద ఉతికిన తెల్లదుప్పటి పరిచి, ఫ్యాన్ ఆపేసి, కట్టను దాని మీద పెట్టండి. గుడ్డ, ముడి, పైచెక్క, కిందిచెక్క, నాలుగు పక్కలు అన్నీ ఫోనుతోనైనా ఫొటోలు తీయండి. తర్వాత నోటుబుక్కులో రాయండి: ఏ ఊళ్ళో, ఎవరింట్లో, ఏ గదిలో, ఏ తేదీన దొరికింది. కట్టతో పాటు ఇంకేం ఉన్నాయి. ఆ తర్వాత మీ మేనత్తగారి పక్కన కూర్చోండి. ఇవి ఎవరు చదివేవారు? ఎప్పుడు కిందికి దింపేవారు? సరస్వతీ పూజకు పీట మీద పెట్టేవారా? తాతగారు కొన్నారా, మీ వంశంలో ఎవరైనా రాశారా? ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఫోనులో రికార్డు చేయండి. ఆకులు ఇంకో వందేళ్లు ఉండగలవు. ఆ కబుర్లు ఆవిడ దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు.

ఇది సెంటిమెంటుతో చెబుతున్న మాట కాదు. పేరూ ఊరూ తెలియని రాతప్రతి ఎంత బాగా స్కాన్ అయినా మళ్ళీ తప్పిపోతుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2000 తర్వాతి సంవత్సరాల్లో కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డిగారి మిలియన్ బుక్స్ ప్రాజెక్టులో భాగంగా వేలకొద్దీ తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. అంత పని జరగడం మన అదృష్టం. దానికి పూనుకున్న వాళ్ళందరికీ నేను రుణపడి ఉన్నాను. కానీ పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు టైపు చేశారు. ఒకే పుస్తకం నాలుగు స్పెల్లింగులతో కనిపిస్తుంది, ఇంకో పుస్తకం అక్కడే ఉన్నా ఎలా వెతికినా దొరకదు. తర్వాత ఆ సైటే ఆగిపోయింది. ఔత్సాహికులు ముందే దించుకుని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టబట్టి ఆ పుస్తకాలు ఈరోజు మనకు అందుతున్నాయి. ఇంకా వెనక్కి వెళ్తే, అన్నమయ్య వంశపు తాళ్ళపాక కవుల సంకీర్తనలను తిరుమలలో రాగిరేకుల మీద చెక్కించి పెట్టారు. రాగి చెడలేదు. అయినా ఆ రేకుల్లో ఏముందో 20వ శతాబ్దం మొదట్లో చదివి అచ్చు వేసేదాకా లోకానికి సరిగా తెలియనే లేదు. వస్తువు చెడకుండా ఉండటం ఒకటి, అది ఏమిటో నలుగురికీ తెలిసి ఉండటం ఇంకొకటి. రెండోదాని కోసమే ఆ నోటుబుక్కు.

ఇక ఫొటోల సంగతి. తాళపత్రాలకు ఇంట్లో వాడే ఫ్లాట్‌బెడ్ స్కానర్ వద్దు. పాత ఆకు ఎప్పుడూ కొద్దిగా వంగి ఉంటుంది, మూత వేసి నొక్కితే ఈనె వెంట చీలిపోతుంది. కెమెరాను స్టాండుకు బిగించి, లెన్సు సరిగ్గా కిందికి చూసేలా పెట్టి తీయాలి. 24 మెగాపిక్సెళ్ల కెమెరా అద్దెకు దొరికినా చాలు. దాని బొమ్మ 6000 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. మీ ఆకు 40 సెంటీమీటర్ల పొడవు ఉందనుకుంటే, అంచులకు కాస్త చోటు వదిలినా అంగుళానికి 350 పిక్సెళ్ల దాకా వస్తాయి. చదవడానికి 300 సరిపోతాయి. ప్రతి ఫొటోలో ఒక స్కేలు, రంగుల కార్డు, ఆకు సంఖ్య రాసిన చిన్న కాగితం ముక్క ఉండాలి. ఆకు మీద మాత్రం పెన్నుతో గానీ పెన్సిలుతో గానీ ఏమీ రాయకండి.

కింద ఏం పరుస్తారన్నది చిన్న విషయం అనిపిస్తుంది గానీ నేను చూసిన ఫొటోల్లో సగం అక్కడే పాడయ్యాయి. చాలామంది అందంగా ఉంటుందని నల్లగుడ్డ పరుస్తారు. అప్పుడు పురుగు తిన్న చిల్లులు కూడా అక్షరాల్లాగే నల్లగా కనిపిస్తాయి, చదివేవాడికి ఏది సున్నో ఏది చిల్లో తెలియదు. తెల్లటి లేదా లేత బూడిదరంగు కాగితం పరిచి తీయండి. చిల్లు చిల్లులాగే కనబడుతుంది.

లైటు ఇంకా ముఖ్యం. మన వైపు గంటం అనే ఇనుప కలంతో ఆకును గీరి, ఆ గీతల్లో మసి రుద్దేవారు. మసి రాలిపోయిన ఆకు చూస్తే ఖాళీగా ఉన్నట్టుంటుంది. ఇంట్లోవాళ్ళు "ఏమీ లేదండీ, ఉత్త ఆకు" అని పక్కన పడేసినవి నాకు ఎన్నో దొరికాయి. గది చీకటి చేసి, ఒకే ఒక్క లైటును ఆకుకు పక్కగా, దాదాపు బల్ల ఎత్తున పెట్టి చూడండి. గీతల్లో నీడ పడి అక్షరాలు పైకి లేచినట్టు కనబడతాయి. మొదటిసారి అది చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. అలాంటి ఆకుకు రెండు ఫొటోలు తీయండి, ఒకటి మామూలు వెలుతురులో, ఒకటి ఇలా పక్క వెలుతురులో. మసి పూయడం, తుడవడం అన్నీ ఆ తర్వాతే. ఫొటో తీయకముందు శుభ్రం చేయకూడదన్నది నా పట్టుదల. శుభ్రం చేసేటప్పుడు ఏదైనా పొరపాటు జరిగితే, దానికి ముందు ఆకు ఎలా ఉండేదో చూపించడానికి ఆ ఫొటో ఒక్కటే మిగులుతుంది.

ఖాళీ ఆకులు, చెక్కలు, ఆకు రెండు వైపులా అన్నీ తీయండి. ఆకు తిప్పేటప్పుడు కింది అంచు పట్టుకుని పైకి తిప్పాలి, పుస్తకం పేజీలా పక్కకు కాదు. అతుక్కుపోయిన ఆకులుంటే కత్తీ, బ్లేడూ పెట్టి విడదీయకండి. వాటిని అలాగే ఉంచి నిపుణులకు అప్పగించండి.

శుభ్రం చేయడం గురించి ఇంటర్నెట్‌లో చదివింది నమ్మి చాలామంది నూనె సీసా పట్టుకుంటారు. నిమ్మగడ్డి నూనె, సిట్రొనెల్లా నూనె వాడటం నిజమే. ఆకు కాస్త మెత్తబడుతుంది, పురుగు దూరంగా ఉంటుంది. కానీ గంటంతో గీరిన ఆకుకే అది పనికొస్తుంది. కలంతో సిరా రాసినదైతే, రంగుల బొమ్మలుంటే తడిగుడ్డ తగిలినా రాత పోతుంది. ఏది ఏదో మీకు కచ్చితంగా తెలియనప్పుడు మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి వదిలేయండి. పాతకాలపు లేఖకులు గ్రంథం చివర రాసే ఒక శ్లోకం ఉంది. నూనె నుంచి, నీళ్ళ నుంచి, వదులుగా కట్టిన కట్టు నుంచి నన్ను కాపాడు, తెలివిలేనివాడి చేతికి ఇవ్వకు అని పుస్తకమే మనతో చెబుతున్నట్టుగా రాశారు. ఆ ప్రమాదాలు ఇప్పటికీ అవే. కట్టు వదులైతే ఆకులు ఒకదాని మీద ఒకటి జారి అక్షరాలు అరిగిపోతాయి, బాగా బిగిస్తే తాడు అంచును కోస్తుంది. మధ్యస్తంగా కట్టడం చేతికి అలవాటు కావాల్సిన పని.

ఎర్రగుడ్డ మీద మీవాళ్ళకు గౌరవం ఉంటుంది, దాన్ని పారేయొద్దు. కానీ తడిస్తే రంగు వదులుతుంది. ముందు గంజి లేని, ఉతికిన తెల్ల నూలుగుడ్డ చుట్టి, పైన ఆ ఎర్రగుడ్డ కట్టుకోండి. కలరా ఉండలు కట్టలో వేయకండి, పాలిథిన్ సంచిలో పెట్టి మూయకండి, ఎండలో ఆరబెట్టకండి. మీది తేమ ఎక్కువగా ఉండే ప్రాంతం. పూర్వం వంటింటి అటక మీద పెట్టేవారంటే పొయ్యి పొగకు పురుగు చేరేది కాదు, తేమా తగ్గేది. గ్యాసు పొయ్యి వచ్చాక ఆ కాపలా పోయింది. అటక మాత్రం మిగిలింది, కట్టలూ అక్కడే ఉండిపోయాయి. ఇప్పుడు గోడకు ఆనించని చెక్క అరలో, గాలి తగిలేచోట పెట్టి, నెలకోసారి చెదలున్నాయేమో చూసుకోవడమే మార్గం.

"అది భాగవతమే అయితే అచ్చులో ఉంది కదా, ఇంత శ్రమ ఎందుకు" అని కూడా మీరు రాశారు. భాగవతమే అయినా విలువైనదే. పోతన భాగవతంలో కొన్ని భాగాలు గంగన, సింగన, నారయ పూరించినవి. ఏ ప్రతిలో ఏ పద్యం ఉంది, ఏది లేదు అన్నది పరిశోధకులకు ఇప్పటికీ పని. బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి పాఠాలు సరిచూయించింది అందుకే. ఆ ప్రతుల్లో ఎన్నో ఈరోజుకీ చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. పైగా లిపి తెలుగైనంత మాత్రాన భాష తెలుగు కానక్కర్లేదు. మన దగ్గర సంస్కృత గ్రంథాలను కూడా తెలుగు లిపిలోనే రాసుకున్నారు. వైద్యం, జ్యోతిషం, ఇంటి లెక్కలు, ఏదైనా కావచ్చు.

చివరి ఆకును ప్రత్యేకంగా చూడండి. రాసినవాడి పేరు, ఊరు, ఎవరి కోసం రాశాడు, ఏ సంవత్సరం అన్నవి ఉంటే సాధారణంగా అక్కడే ఉంటాయి. సంవత్సరం పేరు మాత్రమే ఉండి శకం లేకపోతే తొందరపడకండి. రక్తాక్షి అని ఉంటే అది 1924 కావచ్చు, 1864 కావచ్చు, అంతకు అరవై ఏళ్ల ముందుదీ కావచ్చు. తిథితో పాటు వారం కూడా రాసి ఉంటే లెక్కకట్టి తేల్చవచ్చు. పాత రాతలో ఎ, ఏ లకు తేడా చూపరు, మాటల మధ్య ఖాళీ ఉండదు, వలపలగిలక (ర్‌ను తర్వాతి అక్షరం పక్కన రాసే గుర్తు) అడుగడుగునా వస్తుంది. రెండు నెలలు ఓపిక పడితే మీరే చదవగలుగుతారు. నేను అలాగే నేర్చుకున్నాను.

ఫైళ్ళ విషయంలో టెన్షన్ పడాల్సినంత ఏమీ లేదు గానీ క్రమశిక్షణ కావాలి. కెమెరా నుంచి వచ్చిన అసలు ఫైలునూ నాణ్యత తగ్గని దాని టిఫ్ రూపాన్నీ భద్రంగా ఉంచండి. జేపెగ్, పీడీఎఫ్ చూసుకోవడానికి మాత్రమే. 24 మెగాపిక్సెళ్ల టిఫ్ ఒక్కోటి 72 ఎంబీ ఉంటుంది. 150 ఆకుల కట్టకు 300 ఫొటోలు, అంటే దాదాపు 22 జీబీ. పెద్ద ఖర్చేమీ కాదు. ఫైలు పేరులో కట్ట సంఖ్య, ఆకు సంఖ్య, ముందో వెనకో తెలిసేలా పొట్టిగా పెట్టి, గ్రంథం పేరు, మిగతా వివరాలు మాత్రం ఒక పట్టికలో తెలుగు లిపిలోనే రాయండి. మూడు కాపీలు ఉండాలి. రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో, ఒకటి వేరే ఊళ్ళో. క్లౌడ్‌లో పెట్టాం కదా అని ఊరుకోవద్దు. రెండేళ్లు ఎవరూ తెరవని గూగుల్ అకౌంటును ఆ కంపెనీ తొలగించవచ్చు, అది వాళ్ళ నిబంధనల్లోనే ఉంది. హార్డ్ డిస్కు కూడా బీరువాలో పెట్టి మరిచిపోయే నగ కాదు. ఒక ట్రస్టువాళ్ళు మూడేళ్లు శ్రమపడి తీయించిన ఫొటోలన్నీ ఒకే డిస్కులో ఉంచారు. అది ఒకరోజు తెరుచుకోలేదు. ఈలోగా వాళ్ళ అసలు ప్రతుల్లో కొన్ని చెదలపాలయ్యాయి. నేను ఆ గదిలో నిలబడి చూశాను, ఇంకా బాధగానే ఉంది. ఏడాదికోసారి డిస్కు తెరిచి చూడండి. ఫైలు మారలేదని తెలుసుకోవడానికి చెక్‌సమ్ అనే చిన్న లెక్క ఉంటుంది, ఉచిత సాఫ్ట్‌వేర్లు చేసిపెడతాయి. అయిదేళ్లకోసారి కొత్త డిస్కులోకి మార్చండి. బంధువులకు వాట్సాప్‌లో ఫొటోలాగా పంపితే నాణ్యత పోతుంది, అవి కాపీలుగా లెక్కకు రావు.

ట్రంకుపెట్టె విషయంలో నా సలహా మీకు వింతగా ఉండవచ్చు: అచ్చు పుస్తకాలను చివరికి ఉంచండి. ముందు తాతగారి నోటుబుక్కులు, ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు, జాతకాలు, పాత శుభలేఖలు. ఇవి ప్రపంచంలో ఒక్కటే కాపీ. భారతి సంచికల్లో చాలావాటిని ఇప్పటికే ఎవరో ఒకరు స్కాన్ చేశారు. ముందు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతకండి, లేనివే తీయండి. మీకు దగ్గర్లోనే రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉంది. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి పాత పత్రికల విషయంలో మంచి పేరుంది. వాళ్ళ దగ్గర లేని సంచిక మీ పెట్టెలో దొరకవచ్చు. పెళుసైన పేజీలను సెలోటేప్‌తో అతికించకండి, లామినేషన్ అసలే వద్దు. పుస్తకాన్ని పూర్తిగా విప్పి నొక్కకుండా సగం తెరిచి తీయండి. ఫోను యాప్ కాగితాన్ని తెల్లగా చేసే సదుపాయం ఆపేయండి, అది పెన్సిలుతో రాసుకున్న మాటలను కూడా చెరిపేస్తుంది. ఇంటర్నెట్‌లో పెట్టేముందు కాపీరైటు చూసుకోండి: రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. అచ్చు పుస్తకానికి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను టైపు చేసిన పాఠంగా మార్చే సాఫ్ట్‌వేర్) ఇప్పుడు పర్వాలేదు, తెలుగు వికీసోర్స్‌లో దిద్దుకుంటూ పోవచ్చు. తాళపత్రానికి మాత్రం దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఇంకొకటి. ఆ ఇంట్లో పాత కంప్యూటరు, సీడీలు ఉన్నాయేమో చూడండి. 1990ల తర్వాత మనవాళ్ళు రాసుకున్నది చాలావరకు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉంది. అది ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్ పద్ధతి కాదు, ఆ ఫాంటు లేకపోతే పిచ్చిగీతలే. మూడు వందల ఏళ్ల తాటాకును చదవగలుగుతున్నాం, పాతికేళ్ల కిందటి ఫైలు తెరవలేకపోతున్నాం. నాకు తాళపత్రాల కన్నా వీటి మీదే బెంగ ఎక్కువ.

ఇక అన్నయ్యగారి మాట. అది కుదరదు, ఇది నా అభిప్రాయం కాదు, చట్టం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చరిత్ర, సాహిత్యం, శాస్త్రం పరంగా విలువ ఉన్న రాతప్రతికి 75 ఏళ్లు నిండితే అది పురావస్తువే, సొంతంగా దేశం దాటించకూడదు. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ 2004 నుంచి నడుపుతున్న ఎన్‌డేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ కూడా అసలు ప్రతులను వాటి దేశంలోనే ఉంచి, డిజిటల్ నకళ్ళు మాత్రమే తీసుకుంటుంది. అన్నయ్యగారికి పూర్తి నాణ్యతతో ఫైళ్ళు ఇవ్వండి, ఆ వేరే ఊళ్ళో ఉండాల్సిన మూడో కాపీ ఆయన దగ్గరే ఉంటుంది.

మేనత్తగారితో వాదించకండి. చదివేవాళ్ళు లేని గ్రంథం ఇంట్లో దిక్కులేకుండా పడి ఉండకూడదని, నదికి అప్పగించడం మర్యాద అని ఆ తరం నమ్మింది. అలా కలిసిపోయినవి ఎన్నో. 2027 పుష్కరాలకు ముందే ఆవిడను తీసుకెళ్ళి ఒక రాతప్రతుల గ్రంథాలయం చూపించండి. హైదరాబాదులో ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది. గుడ్డ చుట్టి, చీటీ కట్టి, వరసగా పేర్చిన కట్టలను కళ్ళారా చూశాక మనసు మార్చుకున్న పెద్దవాళ్ళను నేను ముగ్గురిని చూశాను. ఇవ్వాలనుకుంటే కుటుంబం పేరు నమోదు చేస్తారా, రసీదు ఇస్తారా, ఫైళ్ళ కాపీ మీకు ఉంటుందా అని ముందే అడగండి. ఇవ్వకుండా ఇంట్లోనే ఉంచుకున్నా తప్పులేదు, వివరాలు నమోదు చేయించండి చాలు. 2003లో మొదలైన జాతీయ పాండులిపి మిషన్ ఆ పని చేసింది. 2025 కేంద్ర బడ్జెట్‌లో జ్ఞానభారతం పేరుతో కోటికి పైగా రాతప్రతులను సర్వే చేస్తామని ప్రకటించారు.

ఇంటి రిజిస్ట్రేషన్ ఎప్పుడో మీరు రాయలేదు. వారం పదిరోజుల్లోనే అయితే ఫొటోల సంగతి తర్వాత చూద్దాం, ముందు కట్టలు, నోటుబుక్కులు, ఉత్తరాలు, అటక మీద మిగిలిన చిత్తు కాగితాలతో సహా ఒక పొడి గదికి చేర్చండి. విప్పకుండానే పైచెక్క మాత్రం కొద్దిగా ఎత్తి, పక్క వెలుతురులో మొదటి ఆకు ఫొటో ఒకటి, కట్ట పక్క అంచు ఫొటో ఒకటి ఇక్కడ పెట్టండి. ఏ లిపో, గంటం రాతో సిరా రాతో, ఆకులు అతుక్కున్నాయో లేదో చూసి తర్వాత ఏం చేయాలో చెబుతాను.